మం. అంటే మంగళవారం కాదు

తాళం నేను వేశాను. మెట్లు దిగాక మా ఆయన వెనక్కి వెళ్ళి దాన్ని రెండుసార్లు లాగి చూశాడు. "వేశాను కదా" అన్నాను. "నువ్వు వేశావులే, నేను చూశాను" అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను వేసిన తాళం ఒక్కసారీ ఊడి రాలేదు. వంటింట్లోనూ ఇంతే. నేను గ్యాస్ కట్టేశాక అత్తయ్య వెళ్ళి మళ్ళీ తిప్పి చూస్తుంది. "నమ్మకం లేక కాదమ్మా, జాగ్రత్త" అంటుంది. ఆ జాగ్రత్త మా ఆయన కట్టిన గ్యాస్ మీద ఎప్పుడూ పడలేదు. ఆయన కడితే కదా!

నా ఉద్యోగం చర్చి ఆఫీసులో, పాత రిజిస్టర్ల గదిలో. నూటముప్పై ఏళ్ళ జ్ఞానస్నానాల లెక్క అక్కడుంది. బిడ్డ మీద నీళ్ళు పోసి చర్చిలో చేర్చుకునే ఆ జ్ఞానస్నానం మనిషికి జన్మలో ఒక్కసారే. సూచికగా అచ్చు వేయడానికి పదకొండేళ్ళుగా ఆ పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. తాతముత్తాతల వివరాలు వెతుక్కునేవాళ్ళు మాకు ఉత్తరాలు రాస్తారు. ఎక్కువమంది అడిగేది ఒకటే: ఒకే బిడ్డకి రెండుసార్లు జ్ఞానస్నానం ఎందుకు జరిగింది? కొన్నిటికి జవాబు తేలికే. మొదటి బిడ్డ పోతే తర్వాతి బిడ్డకి అదే పేరు పెట్టేవారు. పుట్టింట్లో పురుడు పోసుకుంటే అక్కడొకసారి, అత్తింటికి వచ్చాక ఇక్కడొకసారి రాసేవారు. సమాధుల రిజిస్టరు పక్కన పెట్టుకుని అవన్నీ తేల్చాను. నలభై ఒకటి మిగిలాయి. అదే తండ్రి, అదే పేరు, చావు నమోదు లేదు, రెంటికీ మధ్య కొన్ని వారాలే. మొదటి నమోదు పక్కన మార్జిన్‌లో "మం." అని ఉంది.

"మంగళవారం. ఇందులో తికమకేముందమ్మా?" అన్నాడు పెద్ద గుమస్తా.

పాత క్యాలెండర్లు తీసి చూశాను. నలభై ఒకటిలో ఐదే మంగళవారాలు.

"అప్పటివాళ్ళకి వారాలు సరిగ్గా తెలుసా ఏంటి? రాసినవాడు రెండుసార్లు రాశాడు. మొదటివి కొట్టేయ్. శుక్రవారం సూచిక ప్రెస్సుకి వెళ్ళాలి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సూచిక అచ్చయ్యాక అసలు రిజిస్టర్లు ఎవరికీ చూపించరు, కాగితం పొడైపోతోంది. సూచికలో లేనిది ఇక లేనట్టే.

బుధవారం ఆరో రిజిస్టర్లో ఒకచోట మాట పూర్తిగా దొరికింది. "మంత్రసాని చేతి మీదుగా, ఇంటి వద్ద. బిడ్డ బ్రతుకదని." ఫాదర్ వచ్చేదాకా బిడ్డ ఆగేలా లేనప్పుడు ఎవరైనా నీళ్ళు పోసి జ్ఞానస్నానపు మాటలు చెప్పవచ్చునని చర్చి నియమం. ఆమె చెప్పింది. బిడ్డ బతికింది. ఆ బిడ్డని చర్చికి తీసుకొస్తే ఫాదర్ మళ్ళీ మొదటి నుంచి నీళ్ళు పోశాడు. "నీవు ఇదివరకే పొంది ఉండకపోతే" అని ముందు ఒక మాట చేర్చాడు. నలభై ఒక్కసార్లూ అదే మాట. ఆమెని అడిగిన దాఖలా ఒక్కచోటే ఉంది: "మంత్రసానిని విచారించగా సరిగానే చేసినట్లు తెలిసినది. అయినను మరల ఇచ్చితిమి."

'అయినను' దగ్గర నా వేలు ఆగిపోయింది.

పెద్ద గుమస్తాకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"బాగానే పట్టావే! సరే, ఫైలు అక్కడ పెట్టు. నేనొకసారి మొదటి నుంచి చూస్తాను. ముందుమాటలో నేను రాస్తాలే."

"అన్నీ సరిచూశానండీ."

"చూశావమ్మా, కాదన్నానా? అయినా ఒకసారి నేను చూడాలి కదా. ఆ మొదటివి మాత్రం తీసేయ్. ఫాదర్ ఇచ్చింది ఉండగా మంత్రసానిది ఎందుకు?"

ఇంట్లో చెబితే మా ఆయన పేపరు లోంచి తల ఎత్తలేదు. "పెద్దాయన చెప్పినట్టు చెయ్యి. నీకు పోయేదేముంది?" అన్నాడు. అత్తయ్యకి మాత్రం కోపం వచ్చింది. "బతికిన బిడ్డని పట్టుకుని మళ్ళీ ఏం చూశాడట ఆ ఫాదర్?" అంది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో ఆవిడకి అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాను. నలభై ఒకటిలో ఒక్కటీ కొట్టెయ్యలేదు. "ఇచ్చినవారు" అన్న గడిలో మంత్రసాని అని పెట్టాను. పేరు దొరికిన ఏడుచోట్లా పేరే పెట్టాను. ఫాదర్ ఇచ్చినవాటి పక్కన "మళ్ళీ" అని చేర్చాను. మొత్తం ఇంకొక్కసారి చదివి ప్రెస్సుకి పంపేశాను.

పదింటికి పెద్ద గుమస్తా వచ్చాడు. ఫైలు అడిగాడు. వెళ్ళిపోయిందన్నాను.

"ఎవరూ చూడకుండానే పంపేశావా?"

"చూశాకే పంపానండీ."

"ఎవరు చూశారు?"

"నేను."