సూట్‌లో చేరని టెస్టు

నాచారంలో ఆ మేడ మీది గదిలోకి బిస్కెట్ ఫ్యాక్టరీ వాసన వస్తోంది. విక్టోరియా కీబోర్డు వంక చూడకుండానే ప్రోగ్రాంలో తప్పులు పట్టే టెస్టులను వాటి వాటి సూట్లలోకి, అంటే కట్టల్లోకి, సర్దుతోంది. మందుల క్లాసుకు, అంటే ప్రోగ్రాంలో మందుల సంగతి చూసే భాగానికి, రాసిన టెస్టులన్నీ ఒక సూట్‌లో, రోగుల వివరాల క్లాసువి మరో సూట్‌లో. ఆ సూట్లన్నిటినీ కలిపి ఒక పెద్ద సూట్. దాన్ని నడిపితే చాలు, పిల్లల దవాఖానాకు పంపే ప్రోగ్రాం మొత్తానికీ ఒకేసారి పరీక్ష. ఇన్నాళ్లూ ఒక్కోదాన్నీ విడివిడిగా నడిపింది. ఆ చాకిరీ ఆమెకే తెలుసు.

రేపటి నుంచి ఆమె రాదు. గుండె వాల్వుకు ఆపరేషన్. ఇక్కడ ఒంటరిగా మిగిలే ఉమ ఈమధ్యే పనిలో చేరిన పిల్ల. ఆ పిల్ల ఎలా నెగ్గుకొస్తుందోనన్నదే విక్టోరియా బెంగ, ఆపరేషన్ కాదు. లాలాపేట్‌లో తమ్ముళ్లను చదివించి, పెళ్లిళ్లు చేసి, తన సంగతి మరిచిపోయిన మనిషి మరి! నవ్వితే ఆయాసం వస్తుంది. అయినా నవ్వడం మానలేదు.

మధ్యాహ్నం ఉమ పెద్ద సూట్ నడిపింది. తెర మీద పచ్చగీత వచ్చింది.

"అన్నీ పాసయినయి అక్కా!"

యజమాని రామచంద్రరావు ప్రోగ్రాం ఎక్కించి దవాఖానాకు పంపుదామని అప్పుడే ఫ్లాపీ పట్టుకుని వచ్చేశాడు.

విక్టోరియా తెర వంకే చూస్తోంది. పిల్లల మోతాదు మీద ఉమ నిన్న ఒక టెస్టు రాసింది. కింద చూపించే, నడిచిన టెస్టుల లెక్క మాత్రం పెరగలేదు. రాసింది గానీ సూట్‌లో చేర్చలేదన్నమాట. పెళ్లికి పిలవని చుట్టం రానూ రాదు, రాలేదని ఎవరికీ తెలియనూ తెలియదు.

"నువ్వు రాసిన టెస్టు ఏదీ బిడ్డా?"

ఉమ ముఖం పాలిపోయింది. "మర్సిపోయిన అక్కా. జర నువ్వే కలుపు."

తను చేస్తే చిటికెలో పని. విక్టోరియా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"రేపు ఎవరు కలుపుతరు? నువ్వే కలుపు. నేను ఈడనే కూసుంట."

ఉమ కలిపి నడిపింది. ఎర్రగీత! బరువు నమోదుకాని పిల్లలకు ప్రోగ్రాం పెద్దవాళ్ల మోతాదే ఇస్తోంది. రామచంద్రరావు ఫ్లాపీ బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"నా వల్లనే లేటయింది అక్కా," ఉమ ఏడ్చేసింది.

"పిచ్చిదానా, నీ టెస్టే గదా పట్టిచ్చింది! రాసుడు కాంగనే కలుపు, గంతే. ఫికర్ జెయ్యకు." ఆయాసపడుతూనే నవ్వి, విక్టోరియా ఉమ తల నిమిరింది.

సాయంత్రానికి తప్పు దిద్దారు. విక్టోరియా బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగానే అయిందన్నారు. తర్వాత జ్వరం పట్టుకుంది. ఆదివారం చర్చి విడిచే వేళకు ఆమె పోయింది.

సోమవారం ఉమ కళ్లు తుడుచుకుంటూ ఒక కొత్త టెస్టు రాసింది. రాసిన వెంటనే సూట్‌లో చేర్చింది. విక్టోరియా కుర్చీలో కూర్చుని నడిపింది. లెక్క ఒకటి పెరిగింది. చెబుదామని పక్కకు తిరిగితే ఎవరూ లేరు.

కాలికి ఏదో మెత్తగా తగిలింది. వంగి చూసింది. విక్టోరియా పొట్టి మనిషి, పాదాలు నేలకు అందక బల్ల కింద పెట్టుకున్న ఇటుక. గరుకు తగలకుండా దానికి పాత నీలం చీర ముక్క చుట్టి, అంచులు దారంతో కుట్టి ఉన్నాయి.