బిరామ్ ఊపిరి సీసా

మా యోఫ్ రేవులో బిరామ్ సాంబ్ కుస్తీకి దిగితే ఇసుక కూడా భయపడి పక్కకు జరిగేది. నమ్మకపోతే మీ ఇష్టం, డప్పు వాయించినవాణ్ణి నేనే. అంతటి మనిషికీ కొన్నాళ్లుగా డప్పు మోగగానే మోకాళ్లు నీరయ్యేవి. ఈసారీ ఓడితే గోదా మాని వలలు లాక్కోవాల్సిందేనని వస్తాదు లాయ్ తేల్చేశాడు.

భయమని నోరు తెరిస్తే మాలో వాడు మల్లుడే కాదు. అందుకే దిష్టి అనుకున్నాం. మా మంత్రాల ఫకీరు మరబూ మంత్రించిన నీళ్లు సీసాలకు సీసాలు బిరామ్ నెత్తిన గుమ్మరించాం, జబ్బలకు తాయెత్తులు కట్టాం. మోకాళ్లు మాత్రం మాట వినలేదు.

అప్పుడు నగరం నుంచి సుకేనా వచ్చింది. ఆటగాళ్ల మనసుకు వైద్యం చేస్తుందట.

"మావాడికేం పిచ్చా?" అన్నాడు లాయ్.

"పిచ్చి కాదు బాబాయ్, గుబులు. నీకు లేదూ?"

"నాకున్నది ఆకలొక్కటే తల్లీ," అంటూ చేపల అన్నం పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

పొద్దు వాలేవేళ ఆమె బిరామ్‌ని అలల ముందు కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. అల వచ్చేటప్పుడు ఊపిరి తీసుకో, పోయేటప్పుడు వదులు అంది. చూస్తుండగానే ఒడ్డునున్న పడవలు కూడా పొట్టలు ఉబ్బించి, తగ్గించడం మొదలుపెట్టాయి. పక్షులు గాలిలోనే ఆగి నిద్రపోయాయి. బిరామ్ కళ్లు తెరిచి చెయ్యి చాపాడు.

"సీసా ఏదక్కా?"

"సీసా ఎందుకు?"

"ఒట్టి చేతుల్తో గోదాలోకెలా దిగను? నవ్వరూ?"

ఆమె ఒక ఖాళీ సీసా ఇచ్చింది. "ఆ ఊపిరే ఇందులో ఊది మూత పెట్టుకో."

పందెం రోజు అవతలి మల్లుడు మంత్రించిన పాలతో, వేర్ల నీళ్లతో తడిసి ముద్దయ్యాడు. మావాడు గోదా మధ్య నిలబడి ఖాళీ సీసా నెత్తిన వంచుకున్నాడు. జనం గొల్లుమన్నారు. వాడు కళ్లు మూసుకుని అలలా ఊపిరి పీల్చి వదిలాడు. నా డప్పు నన్నడక్కుండానే నెమ్మదించింది. నవ్వులు అణిగిపోయాయి.

"కంటికి కనపడని నీళ్లురా అవి. విరుగుడు మన దగ్గర లేదు," అని అవతలి పెద్దలు గొణుక్కున్నారు.

వాళ్ల మల్లుడు ఆ సీసా వైపే చూస్తున్నాడు. బిరామ్ మోకాళ్లు రాయిలా నిలిచాయి. అవతలివాణ్ణి నడుం పట్టి ఎత్తి వదిలాడు. ఎంత ఎత్తంటే, మళ్లీ ఇసుకకు తగిలేసరికి సాయంత్రం ప్రార్థన వేళైంది.

మర్నాడు పడవల చాటున లాయ్ అంగీ కింద ఏదో దాచుకుని సుకేనా దగ్గరికి వచ్చాడు.

"మనవాళ్లలో ఒకాయనకు నిద్ర పట్టడం లేదమ్మాయ్. పేరడక్కు," అంటూ సీసా బయటికి తీశాడు. "ఇది చాలా, ఇంకా పెద్దది తేవాలా?"