పట్టుకొని పైకి లాగండి

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కోర్సుల ఆప్షన్లు మార్చుకునే గడువు ఆ సాయంత్రం ఐదింటితో సరి. శైలశ్రీకి పొద్దుటి నుంచీ కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది. నారాయణఖేడ్‌లో వాళ్ళ ఇంటి ముందుగది ఎంతని! ఈ గోడ తగిలితే ఆ గోడకు, ఆ గోడ తగిలితే ఈ గోడకు తిరుగుతూనే ఉంది. చేతిలో ఫోను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

"ఏందే, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్? ఒక్క జాగల కూసో" అంది తల్లి రుద్రమ్మ, చేటలో కందులు చెరుగుతూ.

"కూసుంట తియ్యవ్వా."

కర్ణాటక సరిహద్దు దాటి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వ్యాపారుల కుటుంబం వాళ్ళది. ఇన్నేళ్ళయినా ఇంట్లో తల్లిని కన్నడంలో లాగే అవ్వ అని పిలుస్తారు.

శైలశ్రీకి చూపు లేదు. హైస్కూల్లో ఉండగా మసకబారడం మొదలై, డిగ్రీకొచ్చేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. పోయింది చూపేగానీ నోరు కాదు. ఈ సంగతి మాత్రం ఊళ్ళో జనానికి ఎంత చెప్పినా తలకెక్కదు. దవాఖానలో డాక్టరు "ఈమెకు ఎన్నేళ్ళు?" అని ఆమె అన్న శరణును అడుగుతాడు. బస్ డిపో దగ్గర ఆటోవాడు "ఆమె యాడికి పోవాల్నంట?" అని మళ్ళీ శరణునే అడుగుతాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకొని ఆమే, ఈమే ఏమిటి? ఒళ్ళు మండదూ? ఆఖరికి కన్నతల్లి కూడా కసిరితే కూతుర్నే కసురుతుంది గానీ, అడగాల్సి వస్తే "శైలు తిన్నదారా?" అని కొడుకునే అడుగుతుంది. శరణు అందరికీ ఓపిగ్గా జవాబు చెబుతాడు. మంచివాడే. అదే వచ్చిన చిక్కు.

శరణు మేడమీద గదిలో కూర్చుని హైదరాబాద్‌లోని ఓ చిన్న కంపెనీకి వెబ్‌సైట్లు చేసిపెడతాడు. ఈసారి వాళ్ళకు దొరికిన పని ఆ యూనివర్సిటీ అడ్మిషన్ల సైటు. కళ్ళు కనబడనివాళ్ళు కూడా ఫోను చదివి చెబుతుంటే వింటూ వాడుకునేలా ఉండాలని ముందే షరతు పెట్టారు. "మా చెల్లె ఉంది గదా, అది చూసి చెప్తది" అని శరణు ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాడు. ఆమె చూసింది, చెప్పింది, కడిగేసింది. బొమ్మలకు పేర్లు లేవంది. ఫోను దేన్ని తాకినా "లింక్, లింక్, లింక్" అంటోందే తప్ప అది ఎక్కడికి పోయే లింకో చెప్పడం లేదంది. మొదటి పేజీలో భవనాల ఫొటోలు వాటంతటవే తిరుగుతూ తను వింటున్నదాన్ని మధ్యలో తెంపేస్తున్నాయని, ముందు ఆ పెళ్ళి ఊరేగింపు ఆపమని తిట్టింది. శరణు గొణుక్కుంటూనే అన్నీ సరిచేశాడు.

అలా సరిచేసిన సైటులోనే ఆమెకు అన్న చేసిన పని బయటపడింది.

ఆ యూనివర్సిటీకి ఆమె పేరున దరఖాస్తు నింపింది శరణే. లా చదువుతాను, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతాను అని ఆమె ఎప్పుడో చెప్పింది. "సరే, పెట్టినలే" అన్నాడు. ఆమె నమ్మింది. నిన్న మధ్యాహ్నం ముచ్చటపడి తన దరఖాస్తు తనే తెరుచుకుంది. ఫోనులోని గొంతుకు మొహమాటమా, దాపరికమా? ఉన్నది ఉన్నట్టు చదివేసింది. మొదటి స్థానం, ఇంటి నుంచే చదివే దూరవిద్య ఎం.ఏ. రెండో స్థానం, ఇంకో దూరవిద్య. మూడో స్థానం, లా, క్యాంపస్, హాస్టల్‌తో. దూరవిద్యలో సీటు రాకపోవడమంటూ ఉండదు. మొదటిదే దొరికితే ఇక మూడోదాని మొహం చూసేవాడెవడు?

"పెట్టిండు, నిజమే. పాత సామాను అటకెక్కిచ్చినట్టు పెట్టిండు" అని ఆమె పళ్ళు నూరింది.

గొడవ పెట్టుకుంటే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. అన్న బతిమాలతాడు, అవ్వ ఏడుస్తుంది, దుకాణం నుంచి నాన్న రేవప్ప వచ్చి "మీ అన్న నీ మంచికే చేసిండు" అంటాడు. ఇంతలో ఐదు దాటిపోతుంది. అందుకే చడీచప్పుడు లేకుండా తనే మార్చుకుందామనుకుంది. అది కుదిరితేనా! లాను పైకి తేవాలంటే ఆ పేజీ ఒకటే పాట పాడుతుంది. "పట్టుకొని పైకి లాగండి." దేన్ని పట్టుకోవాలి? వేలు పెడితే పేజీ మొత్తం జారిపోతుంది, ఆప్షను మాత్రం కదలదు. నిన్నటి నుంచి లాగుతూనే ఉంది.

ఇక ఆగలేక మెట్ల రెయిలింగు పట్టుకొని మేడెక్కింది.

"అన్నా, ఆప్షన్ల పేజీ పని చేస్తలేదు."

"ఏమైందే?" అన్నాడు శరణు. కీబోర్డు టకటకలు ఆగలేదు.

"కిందున్నదాన్ని పైకి తేవాల్నంటే లాగమంటుంది. కండ్లు లేనోళ్ళు ఎట్ల లాగుతరు? పైకి, కిందికి అని రెండు బటన్లు పెట్టు. నొక్కితే జరగాలె. జరిగినంక ఎన్నో స్థానంల ఉందో ఫోను చెప్పాలె."

"మంచిగ పట్టినవ్. రాసుకుంట. వచ్చే ఏడు పెడదం."

"వచ్చే ఏడా? ఇయ్యాలనే పెట్టు."

"ఐదింటికి బందైతది గదనే. గింత జరసేపటికి ఎవడు వాడుతడు?"

"వాడేటోళ్ళు వాడుతరు. నీకెందుకు, పెట్టు."

"పరేషాన్ చెయ్యకు శైలూ. నడుస్తున్న సైటు అది. ఏమన్న ఉల్టా అయితే నా నౌకరి పోతది. అయినా ఎవరున్నరు చెప్పు, గిప్పుడు ఆప్షను మార్చుకునేటోళ్ళు?"

నోటిదాకా వచ్చినదాన్ని ఆమె మింగేసింది. "ఎవరో ఒకరుంటరు. నాలాంటోళ్ళు."

"నీలాంటోళ్ళకు ఇంట్లోళ్ళు నింపుతరు గదనే!"

"ఇంట్లోళ్ళు వాళ్ళకు నచ్చింది నింపుతరు!"

అనేసింది. కీబోర్డు ఆగిపోయింది. ఫ్యాను ఒక్కటే గరగరమంటోంది. ఛీ, నా నోట్లో మన్ను పడ, అనుకుంటూ శైలశ్రీ గబగబా మెట్లు దిగి వచ్చేసింది.

ఇప్పుడిక అతనికి అంతా తెలిసిపోతుంది. సైటు తాళాలన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. ఆమె దరఖాస్తు తెరిచి చూస్తాడు, నాన్నకు ఫోన్ చేస్తాడు, అయిపోయింది. పైన కుర్చీ జరిగిన చప్పుడు. అటూ ఇటూ అడుగులు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు, నాన్నతోనా, ఆఫీసుతోనా? చెవులు రిక్కించినా ఒక్క ముక్క అందలేదు. ఆమె పేజీ మళ్ళీ తెరిచింది. పట్టుకొని పైకి లాగండి. మూసింది, మళ్ళీ తెరిచింది. పట్టుకొని పైకి లాగండి. నీ పాడె కట్ట, ఏం పట్టుకోవాలే!

"అన్న చాయ్ తాగుతడేమో అడిగి రాపో" అంది రుద్రమ్మ.

"నేను పోను."

అన్న మీద పూర్తిగా కోపగించుకోవడానికి కూడా లేదు, అదో నరకం. డిగ్రీ పుస్తకాలన్నీ గొంతు బొంగురుపోయేదాకా చదివి వినిపించింది అతనే. డిపో దగ్గర ఆమె బైకు తగిలి పడిపోయిన రోజు దవాఖానలో వెక్కివెక్కి ఏడ్చిందీ అతనే. ఆ రోజు నుంచే అతనికి భయం పట్టుకుంది. ఆ భయాన్నంతా తీసుకొచ్చి ఈమె కాళ్ళకు చుట్టాడు. శైలశ్రీకీ భయమే. హైదరాబాద్ అంటే కాదు, ఈ గది అంటే. ఇంకా ఎన్నేళ్ళు ఈ గోడ నుంచి ఆ గోడకు?

మళ్ళీ పేజీ తెరిచింది.

"లా, క్యాంపస్, హాస్టల్‌తో. మూడో స్థానం. పైకి, బటన్. కిందికి, బటన్."

ప్రాణం లేచొచ్చింది. నిజమేనా? వేలు వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. పైకి, బటన్. నొక్కింది. లా రెండో స్థానానికి వచ్చిందని చెప్పింది ఫోను.

అప్పుడే మెట్ల మీద అడుగులు. "శైలూ!"

ఆమె అదిరిపడి, దొంగలా ఫోను వీపు వెనక్కి దాచుకుంది. ఆ విసురుకు ఇయర్‌ఫోన్ల వైరు ఊడి వచ్చింది. అడుగులు ఆఖరి మెట్టు మీద ఆగాయి.

"ఇంకోసారి నొక్కు" అన్నాడు శరణు.

"ఏంది?"

"ఒక్కసారి నొక్కితే రెండోదానికే వస్తది. ఇంకోసారి నొక్కాలె. జల్దీ, టైమైతుంది."

మార్చాలనుకుంటున్నది తన ఆప్షనేనని ఆమె అతనికి చెప్పలేదు. అంటే అన్నకు అంతా అర్థమైంది. అర్థమయ్యాకే బటన్లు పెట్టాడు. తనే మార్చేసి వచ్చి మార్చానని చెప్పడం అతనికి చిటికెలో పని, అయినా మార్చలేదు. ఆమెకు కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. తుడుచుకునే తీరిక కూడా లేక ఫోను ముందుకు తెచ్చి నొక్కింది.

ఇయర్‌ఫోన్లు లేని ఫోను ఇల్లంతా వినబడేలా చెప్పింది. "లా, క్యాంపస్, హాస్టల్‌తో. ఇప్పుడు మొదటి స్థానంలో ఉంది." ఆమె సేవ్ నొక్కింది. మీ మార్పులు సేవ్ అయ్యాయి, అంది ఫోను.

రుద్రమ్మ చేతిలో చేట ఆగింది.

"హాస్టల్ ఏందిరా శరణూ? శైలు యాడికి పోతదంట?"

అలవాటు కొద్దీ శైలశ్రీ కూడా అన్న జవాబు కోసమే చూసింది. శరణు గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

"దాన్నే అడుగవ్వా" అన్నాడు.

రుద్రమ్మ చేట పక్కన పెట్టిన చప్పుడైంది.

"యాడికి పోతవే శైలూ?"

శైలశ్రీ ఫోను పక్కన పెట్టింది. తడుముకుంటూ వెళ్ళి తల్లి ఎదురుగా కూర్చుంది, పొద్దుటి నుంచీ కుదురుగా కూర్చోలేకపోయిన మనిషి. కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.