పెంచలయ్య రాయి గురుతులు

ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను చప్పుడులో మాట కలిసిపోతుంది. పిల్లలుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఇది అరిచి చెప్పే కథ కాదు, కామాక్షయ్య కథ.

కామాక్షయ్యది సముద్రం ఒడ్డు పల్లె. గూడూరు నుంచి తూర్పుగా వచ్చే బస్సు ఇంక దారి లేక ఎక్కడ వెనక్కి తిరుగుతుందో, అక్కడ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. గేలం తాడు కోసిన గీతలతో అరచేతులు నిండిపోయి, ఆధారు కార్డు కోసం వేలిముద్ర పెట్టమంటే మిషను మూడుసార్లు ఒప్పుకోలేదు. మాట తక్కువ. భార్య అంకాలమ్మకు ఆయన వాటా మాటలు కూడా కలిపి మాట్లాడడం అలవాటైపోయింది.

ఆయనకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా నీళ్ళ కింద ఒక రాయి. ఆయన నాయన పెంచలయ్య కనిపెట్టిన రాతిదిబ్బ. ఒడ్డు నుంచి రెండు గంటల దూరం, పద్నాలుగు బారల లోతు. చుట్టూ అంతా బురద, మధ్యలో అదొక్కటి. వంజరం, పండుగప్ప చేపలు అక్కడికే వచ్చి చేరేవి. వలలు ఖాళీగా వచ్చిన రోజుల్లో కూడా ఆయన గేలం ఖాళీగా రాలేదు. కూతురు సాయిలక్ష్మి పెళ్ళి, ఆ కూతురి బిడ్డ ఉష నెల్లూరు కాలేజీ చదువు, అన్నీ ఆ రాయి మీదే జరిగాయి.

నీళ్ళ మీద రాయి కనబడదు కదా, గురుతులు చూసుకుని పోవాలి. ఒడ్డున ఒకదాని వెనక ఒకటి కుదిరే గురుతులు, అట్లాంటివి రెండు జతలు. ఆ రెండు గీతలు కలిసేచోటే రాయి. పెంచలయ్య కాలంలో ఒక జత రెండు తాటిచెట్లు. చెట్లు తుఫానుకు పోయాక, బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం లేచింది. ఊరంతా దాన్ని తిట్టింది. కామాక్షయ్య కూడా తిట్టాడు. తిడుతూనే దాన్ని గురుతుగా పెట్టుకున్నాడు.

ఆ పల్లెల్లో గురుతులకు ఒక కట్టుబాటు ఉంది. కొడుక్కైనా సరే నీళ్ళ మీదే చెప్పాలి, ఆ చోట పడవ నిలిపి, వేలుపెట్టి చూపించాలి. గట్టు మీద నోటితో చెప్పకూడదు. గట్టుకు చెవులెక్కువ. కామాక్షయ్యకు కొడుకు లేడు. పడవలో తోడు వచ్చే మేనల్లుడు ప్రసాదుకు నలభై ఏళ్ళు, మీసాలు నెరిశాయి. అయినా రాయి దగ్గరపడేసరికి వాడికి పడవలో నీళ్ళు తోడే పని చెప్పేవాడు, తల ఎత్తకుండా. పడవలో నీళ్ళు లేకపోయినా చెప్పేవాడు. ప్రసాదూ మర్యాద తెలిసినవాడు, ఉత్త తొట్టినే తోడేవాడు.

ఇట్లా ఉండగా ఆ పొగగొట్టం పొగనే పట్టుకుంటామని కంపెనీవాళ్ళు వచ్చారు. పొగను ఆకాశంలోకి పోనీకుండా పట్టి, గట్టిగా అదిమి, గొట్టంలో సముద్రం కిందికి పంపి, అడుగున రాతిపొరల్లో దాచిపెడతారట. ముందు తీరం పల్లెల అభిప్రాయం కావాలి, ఒప్పుదల కావాలి. పల్లెవాళ్ళతో మాట్లాడడానికి ఆ పల్లెల పిల్లలనే పనిలో పెట్టుకున్నారు. వాళ్ళలో ఉష ఒకతె.

ఉష పుట్టింది తండ్రి ఊరు చిల్లకూరులో అయినా పెరిగింది తాత ఇంట్లోనే. తాత వేట నుంచి వచ్చేదాకా అన్నం తినని పిల్ల. ఇప్పుడు మెడలో కార్డు వేసుకుని ఇంటింటికీ తిరిగింది. ఎవరేం చెప్పినా రాసుకుంది, తిట్లతో సహా. ఎండబెట్టిన చేపల మీద బూడిద పడకుండా పోతే చాలన్నారు కొందరు. వాళ్ళ పొగకు మన సముద్రమే దొరికిందా అన్నారు కొందరు. గొట్టం పగిలితే ఏమిటని అందరూ అడిగారు. ఉష గోలీసోడా తెచ్చి, ఇందులో గ్యాసు ఎట్లా అణిగి ఉందో చూడండి, అక్కడా అట్లాగే అని చెప్పింది. పగిలే భయం అసలు లేదని మాత్రం చెప్పలేదు. ఏమేం కాపలా పెడతారో చదివి చెప్పి, తనకు తెలియనిది తెలియదనే చెప్పింది.

అంకాలమ్మ సోడా తాగేసి సీసా మనవరాలి చేతిలో పెట్టింది. "మీ తాత నోటికి కూడా ఎవురో ఇట్లనే గోలీ బిగించినారు మే. నలభై ఏండ్ల నించి కొడతాండా, దిగదు."

కామాక్షయ్య కూడా నవ్వాడు.

చివరికి ఊరి పెద్దలైన పెద్దకాపులు కూర్చుని దురాయి వేశారు. దురాయి అంటే ఊరు ఊరంతా కట్టుబడే మాట. పొగ పట్టుకోవడానికి ఒప్పుదలే, కానీ గొట్టం వేటచోట్ల మీదుగా పోకూడదు. కంపెనీవాళ్ళు సరేనన్నారు. మీ చోట్లేవో చూపించండి, పక్కనుంచి తిప్పుకుంటామన్నారు. అంతకంటే మంచి మాట ఏముంటుంది?

తుఫాను షెల్టరులో బల్ల మీద సముద్రం పటం పరిచారు. ఉషకు ఊరి సంగతి తెలుసు. అందుకే కిటికీలకు చీరలు కట్టించి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. ఏ చుక్క ఎవరిదో బయటికి చెప్పనని ప్రమాణం చేసింది. నలభై మంది వేటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయి, ఎర్రచుక్క పెట్టించుకుని బయటికి వచ్చారు. వచ్చినవాళ్ళెవ్వరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కామాక్షయ్య వంతు వచ్చింది. ఉష లేచి కుర్చీ వేసింది. తలుపు మూసి గొంతు తగ్గించింది.

"తాతా, ఈడ ఎవురూ లేరు. నీ రాయి యాడుండాదో నాకు చెప్పు. నేనే కాపాడతా."

ఆయన పటం చూశాడు. గొట్టం ఎటు పోతుందో అప్పటికింకా గీయలేదు. పొగగొట్టం బొమ్మ కనిపించింది, షెల్టరు కనిపించింది, సరుగుడు తోపు, దాని వెనక లైటుహౌసు కనిపించాయి. రాయి ఎక్కడుందో కళ్ళు మూసుకుని పెట్టగలడు. వేలు దానిమీదికి పోయింది కూడా. కాళ్ళ కింద సిమెంటు నేల. గట్టు మీద చెప్పొద్దన్న నాయన మాట గుర్తొచ్చింది. సముద్రం ఇంత పెద్దది, గొట్టం సరిగ్గా అక్కడికే ఎందుకొస్తుంది అనుకున్నాడు. వేలు దక్షిణంగా జరిపి, పీత కూడా నిలవని బురద మీద పెట్టాడు.

ఉష అక్కడ ఎర్రచుక్క పెట్టింది. పక్కన 'తాత రాయి' అని గుండ్రటి అక్షరాలతో రాసి, ఆయన చేతిని ఒకసారి తన చెంపకు ఆనించుకుంది.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు పందిరి వేశారు, పెద్ద ఆఫీసర్లు వచ్చారు. తెర మీద అదే పటం, పేర్లు తీసేసి, నలభై ఎర్రచుక్కలతో. చుక్కలన్నిటినీ తప్పించుకుంటూ నీలం గీత ఒకటి వంపులు తిరిగి పోయింది. ఒక్క చుక్కకూ తగల్లేదని ఉష మైకులో సంతోషంగా చెప్పింది. కామాక్షయ్య గీత వెంట చూపు నడిపాడు. గీత ఖాళీ చోటు వెతుక్కుంటూ పోయి పోయి, సరిగ్గా పెంచలయ్య రాయి మీద నుంచి పోయింది.

ఆయన చుట్టూ చూశాడు. పందిట్లో ఇంకా చాలామంది ముఖాలు పాలిపోయి ఉన్నాయి. అప్పుడు తెలిసింది ఆయనకు. నలభై చుక్కలూ తన చుక్కలాంటివే. అందరూ తమ చోటుకు దూరంగానే వేలు పెట్టారు. ఖాళీగా మిగిలిందంతా చేపలున్న చోటే.

ఇంకెవరైనా చెప్పేది ఉందా అని ఆఫీసరు అడిగాడు. కామాక్షయ్య లేచి నిలబడ్డాడు. అబద్ధం చెప్పానంటే, పిల్ల ఇన్నాళ్ళు తిరిగి చేసిన పని అందరి ముందూ పోతుంది. రాయి చూపిస్తే నలభై మందీ చూస్తారు. ఉష మైకు తెచ్చి తాత నోటి దగ్గర పెట్టింది. ఆమె కళ్ళల్లో తప్ప ఆయన ఎక్కడా చూడలేకపోయాడు.

"అంతా బాగుండాది సామీ," అని కూర్చున్నాడు.

చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత వేట నిషేధం రోజులు వచ్చాయి. రెండు నెలలు పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. ఒకనాటి ఉదయం కంపెనీ ఓడ వచ్చి దూరంగా నిలబడింది. కామాక్షయ్య షెల్టరు మిద్దె ఎక్కి, పొగగొట్టం వీపు వెనక ఉండేట్టు నిలబడి చూశాడు. ఓడ సూటిగా ఎదురుగా ఉంది. దిగి, ఎండలో సరుగుడు తోపు కొసదాకా నడిచాడు. లైటుహౌసు వెనక ఉండేట్టు నిలబడి చూశాడు. ఓడ అక్కడా సూటిగానే ఉంది. రెండు గీతలూ కలిసేచోటే లంగరు దించారు.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. గట్టు మీద, సొంత ఇంటి వాకిట్లో, జీవితంలో మొదటిసారి నోరు తెరిచి ఉషకు చెప్పాడు. అంకాలమ్మ చేట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉష అప్పటికప్పుడే ఫోను పట్టుకుని సాయంత్రం దాకా ఎవరెవరికో చేసింది. ఇంజినీరు చివరికి చెప్పిన మాట ఇది. అడుగున రాతిదిబ్బ ఉందని వాళ్ళ మిషను ముందే చూసిందట. కానీ ఊరు అక్కడ చుక్క పెట్టలేదు కాబట్టి, ఎవరూ వేటాడని చోటని రాసుకున్నారట. గొట్టానికి అడ్డంగా ఎత్తుగా ఉన్నదంతా ఆ పగలే చదును చేసేశారట.

నిషేధం అయ్యాక వలలు వేసినవాళ్ళు ఖాళీ వలలతో వచ్చారు. పిల్ల కలంతో గీసి మన చోట్లు అమ్మేసిందన్నారు. చుక్క ఎక్కడ పెట్టించుకున్నదీ మాత్రం ఒక్కరూ చెప్పలేదు. గొట్టం పని అయిపోయి పొగ పట్టడం మొదలయ్యేనాటికి ఉష మెడలో కార్డు తీసేసి, చిల్లకూరు పోవడానికి బట్టలు సర్దుకుంది. బస్సు మధ్యాహ్నానికి. తెల్లవారగానే కామాక్షయ్య ఆమె చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాడు. ఆ పల్లెలో ఆడపిల్ల వేట పడవ ఎక్కడం అదే మొదలు. ప్రసాదు కూడా ఎక్కాడు.

రాయి దగ్గరపడింది. ప్రసాదు అలవాటుగా తల వంచి నీళ్ళు తోడే డబ్బా అందుకున్నాడు.

"తల ఎత్తరా, చూడు," అన్నాడు కామాక్షయ్య.

పడవ నిలిపి ఇద్దరికీ గురుతులు చూపించాడు. సీసపు గుండు కట్టిన తాడు ఉష చేతికిచ్చాడు. ఆమె పద్నాలుగు బారలు వదిలింది. గుండు రాయికి తగిలితే చేతికి ఠక్కుమని తెలుస్తుంది. తాడు ఇంకా పోయింది. మెత్తగా ఆగింది. పైకి లాగితే గుండుకు బురద.

ఉష ఆ బురదను వేలితో తుడిచింది. "నాకు కూడా చెప్పలేదే తాతా," అంది. "నేను నీ చేతి అన్నం తిని పెరిగిందాన్నే కదా."

ఆయన పొగగొట్టం వైపు చూశాడు. పొగ లేదు, శుభ్రంగా ఉంది ఆకాశం.

"నువ్వు గట్టు మీదుంటివి తల్లీ," అన్నాడు.

తిరిగొచ్చి ఆయన బస్సు ఆగేచోట, ఊరి మగవాళ్ళంతా ఉండగా, పిల్ల తప్పేమీ లేదని, తాను తప్పు చోట చుక్క పెట్టించానని గట్టిగా చెప్పాడు. మీరెక్కడ పెట్టినారని ఎవరినీ అడగలేదు. వాళ్ళు ఇసుక వైపు చూశారు. బస్సు వెనక్కి తిరిగింది. ఉష కిటికీలోంచి అంకాలమ్మకు చెయ్యి ఊపింది.

ఇప్పటికీ రోజూ ఫోను చేస్తుంది. తాత అన్నం తిన్నాడా అని అవ్వనే అడుగుతుంది. ఫోను ఆయన చేతికిస్తే అవతల ఆమెకు అలల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

కామాక్షయ్య షెల్టరు మిద్దె మీద కూర్చుని, ఎవరొచ్చినా, చేపలు కొనే పరాయివాడొచ్చినా, గురుతులు చెప్తున్నాడు. మీరూ పట్టుకోండి. షెల్టరు నెత్తిన పొగగొట్టం నిలబడాలి. సరుగుడు తోపు కొసన లైటుహౌసు అప్పుడే తొంగిచూస్తుండాలి. పద్నాలుగు బారలు. అక్కడ పెంచలయ్య రాయి ఉండేది. మరిచిపోకండి. మీ పిల్లలకు చెప్పండి, ఎవరు అడిగినా చెప్పండి. నీళ్ళ మీదికి పోయేదాకా ఆగకండి, గట్టు మీదే చెప్పండి.