మంట లేని చేతులు

ఇటుకల దొంతి మీద కూర్చుని, పొలంలో దిష్టిబొమ్మలా రెండు చేతులూ బార్లా చాపింది దేవకుమారి. కోటిరత్నం ఆమె రవిక హుక్కులు విప్పి, తడిగుడ్డతో రొమ్ము తుడిచి, ఎనిమిది నెలల ఆరాధనను ఒళ్ళో పడుకోబెట్టి పట్టుకుంది. పిల్ల తల్లి మొహంలోకి చూసింది. ముక్కు ముడిచింది. గట్టిగా తుమ్మింది. ఆ తరువాతే పాలకు నోరు తెరిచింది.

"అమ్మొచ్చిందని హారను కొట్టింది" అంది కోటిరత్నం. "చేతులు దించబాకే. ఇంకాస్త చాపు, కాకులు కూడా రాకుండా ఉంటాయి."

దేవకుమారి నవ్వింది. ఆ కుదుపుకి రొమ్ము జారిపోయి పిల్ల ఇద్దరి వంకా కోపంగా చూసింది. ఆ కోపం చూసి మళ్ళీ నవ్వొచ్చింది.

చేతులు దించితే పిల్ల చెంప తాకాలనిపిస్తుంది. తాకకూడదు. పొద్దున ఏడింటి నుంచి తేజ రకం మిరపకాయల ముచ్చికలు తుంచుతున్న వేళ్ళవి. సబ్బుతో రుద్దినా, కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో ముంచినా వాటి మంట పోదు. పై దేశాలకు పోయే కాయకు ముచ్చిక ఉండకూడదట. తినేవాళ్ళ నోటికి ఆ చిన్న పుల్ల తగలకూడదని ఇంత జాగ్రత్తపడ్డవాళ్ళకి, పుల్ల తుంచే మనిషికి ఒక బిడ్డ ఉంటుందన్న ఆలోచన మాత్రం రాలేదు.

గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీ పక్కనున్న ఆ రేకుల షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు, అయిదుగురు చంటిపిల్లలు. అంతమందిలో మంట లేని చేతులు ఒక్క కోటిరత్నానివే.

అవీ మొదట్నుంచీ అలా లేవు. ముప్పై ఏళ్ళు ఆమె కూడా ముచ్చికలు తుంచింది. మూడేళ్ళ కిందట వేళ్ళు పగిలి నెత్తురు కారితే, ఇక కాయ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పుడు షెడ్డులోని తల్లులే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆమె పిల్లల్ని చూస్తుంది. తల్లులు పది గుప్పిళ్ళు తమ బుట్టలో వేసుకుని, పదకొండోది ఆమె బుట్టలో వేస్తారు. సాయంత్రం కాటా దగ్గర ఆమె పేరునా తూకం పడుతుంది.

"మా పెద్దోడు పాలు తాగుతా తాగుతా కెవ్వుమని ఏడ్చేవాడు" అని ఒకసారి చెప్పింది కోటిరత్నం, ఆరాధనకు పౌడరు రాస్తూ. "నా పాలు వాడికి పడట్లేదనుకున్నా. నాలుగో నెల్లోనే మాన్పించేశా. పిచ్చిమొహాన్ని. నా చేతి మంటని నాకు తెలవలా."

ఆ రోజు నుంచి దేవకుమారికి ఒకటే భయం. పదో తరగతి మధ్యలో బడి మానేసి పెళ్ళిచేసుకున్న తనకు తెలియనిది ఇంకేముందో, దానివల్ల పిల్లకేమవుతుందోనని. ఇంటి దగ్గర పిల్లకు నీళ్ళు పోసేది భర్త ఎలీషాయే. తను మోచేత్తో నిమురుతుంది, కాలి బొటనవేలితో పొట్ట మీద చక్కిలిగింతలు పెడుతుంది. ఆ బొటనవేలే అమ్మ అనుకుంటుందేమో, దాన్ని చూస్తే చాలు, పిల్ల కిలకిల నవ్వుతుంది. ప్రార్థనలో దేవకుమారి ఆ నవ్వుకి ఒకసారి, కోటిరత్నానికి ఒకసారి స్తోత్రం చెబుతుంది.

మధ్యాహ్నం మూడింటికి గుమాస్తా సంజీవరావు షెడ్డులోకి వచ్చాడు. బుట్టల వెంట నడిచి కోటిరత్నం ముందు ఆగాడు.

"ఏమ్మా, చేతులు చాపు."

ఆమె చాపింది. మెత్తగా, తెల్లగా, పౌడరు వాసనతో ఉన్న చేతులు.

"ఇవి కాయలు తుంచిన చేతులా? రోజూ నీ పేరున తూకం ఎట్టా పడుతుంది?"

"మేం ఇష్టపడి వేస్తున్నామండీ" అంది శాంతి, పక్క కుప్ప దగ్గర్నుంచి. ఆమె కొడుకు చీర ఉయ్యాలలో నిద్రపోతున్నాడు.

"ఇష్టాలు ఇంటికాడ. పనిచేసేవాళ్ళే ఉండాలని ఓనరు గారు చెప్పారు. కుప్ప దగ్గర కూర్చుంటే కూర్చోమను, లేకపోతే రేపట్నుంచి రావద్దు."

పోయిన నెల మహిళా దినోత్సవమని ఇదే సంజీవరావు కోటిరత్నానికి శాలువా కప్పాడు. శ్రమజీవి అని ఆమె బొమ్మతో ఫ్లెక్సీ వేయించి, ఆమె పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఇప్పుడు ఆరాధన పాకుతున్నది ఆ ఫ్లెక్సీ మీదే. శ్రమజీవి మొహం మీద చొంగ కారుస్తోంది.

దేవకుమారి లేచి నిలబడింది.

"సంజీవరావు గారూ, మీరొక గంట ఈ కుప్పలో చేతులు పెట్టి, ఇంటికెళ్ళి మీ మనవరాలిని ఎత్తుకోండి. అప్పుడు చెప్పండి, ఆమె చేసేది పనో కాదో."

ఆయన చేతిలోని పుస్తకం వైపు చూసుకున్నాడు. "నాతో అనబాకమ్మా. నేనూ జీతగాణ్ణే" అని కాటా వైపు వెళ్ళిపోయాడు.

కోటిరత్నం వెళ్ళి కుప్ప ముందు కూర్చుంది. చెయ్యి ముందుకు చాపింది. వేళ్ళు కాయలకు బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. వెనక ఫ్లెక్సీ మీద ఆరాధన తుమ్మింది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అరవై ఏళ్ళకి వచ్చిన చేతులే ఇవి. మళ్ళీ పోగొట్టుకోలేను" అంది దేవకుమారితో. "కనిగిరిలో మా చిన్నది ఎప్పట్నుంచో రమ్మంటోంది. పోతా. రా, పిల్లకి పాలిచ్చేసెయ్."

దేవకుమారి చేతులు బార్లా చాపి కూర్చుంది. ఈసారి కాకుల మాట ఎవరూ ఎత్తలేదు. కోటిరత్నం హుక్కులు విప్పింది, తుడిచింది, పట్టుకుంది, మళ్ళీ హుక్కులు పెట్టింది. కారుతున్న దేవకుమారి కళ్ళు కూడా తన కొంగుతో తుడిచింది. "నువ్వు తుడుచుకోబాక, మండుతాయి."

నిద్రపోయిన పిల్లను ఉయ్యాల్లో వేసి, చెంప మీద రెండు వేళ్ళు ఒక్క నిమిషం ఉంచింది. గేటు బయట ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అయిదింటికి ఆరాధన ఆకలికి లేచి ఏడ్చింది. దేవకుమారి పరుగున వెళ్ళి ఇటుకల మీద కూర్చుని, అలవాటుగా రెండు చేతులూ చాపింది. హుక్కులు విప్పే చెయ్యి షెడ్డులో ఒక్కటీ లేదు. శాంతి లేవబోయి, తన వేళ్ళు చూసుకుని ఆగిపోయింది. పిల్ల ఏడ్చి ఏడ్చి, ఉయ్యాల అంచుకి తల్లి ఆనించిన కాలి బొటనవేలిని చూస్తూ వెక్కుతూ పడుకుంది.

దేవకుమారి కుప్ప దగ్గరికి తిరిగొచ్చింది. పది గుప్పిళ్ళు తన బుట్టలో పడ్డాయి. పదకొండోది పక్కకు పోయింది. శాంతిదీ పోయింది. తక్కిన ముగ్గురు తల్లులవీ పోయాయి. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

సాయంత్రం కాటా దగ్గర అందరి పేర్లూ పిలిచాడు సంజీవరావు, ఒక్కటి తప్ప. ఉయ్యాల కింద ఆ బుట్ట ముచ్చిక లేని కాయలతో అంచుదాకా నిండి ఉంది. దాని పిడికి కోటిరత్నం ఆరేసిన గుడ్డ ఇంకా తడిగానే ఉంది.