అంటించే పని

కొత్త పెడల్ అడుగున ఉన్న నాలుగు రబ్బరు కాళ్లనూ చాకు మొనతో లేపి తీసింది యమున. మిగిలిన జిగురు మరకల్ని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనిచ్చింది. వెల్క్రోలో గరుకు వైపు పట్టీని కొలిచి కత్తిరించి ఆ అడుగుకు అంటించి, రెండు బొటనవేళ్లతో అరవై లెక్కపెట్టేదాకా నొక్కింది. మెత్తని వైపు పట్టీలు పెడల్స్ అమర్చే బోర్డు మీద ముందే వరసలుగా అంటించి ఉన్నాయి.

"అయ్యిందేటే? అంటించడమే కదా, దానికి పూటంతా పడతాదా?" వీధిగదిలోంచి కేకేశాడు ఈశ్వర్.

విజయనగరంలో ఆర్కెస్ట్రా అంటే లీడ్ గిటారు ఈశ్వర్ పేరు చెబుతారు. కాలితో నొక్కితే గిటారు గొంతు మార్చే ఆ ఇనప పెట్టెలు ఇప్పుడు అతనికి ఎనిమిది ఉన్నాయి. పదకొండేళ్ల కిందట మొదటి బోర్డు తెచ్చి, బ్లౌజులు కుడుతున్న యమున ఒళ్లో పెట్టి, "నీకు వెల్క్రో అలవాటే కదా" అన్నాడు. ఆనాటి నుంచి అది ఆమె పని అయిపోయింది. పెడల్ మారితే విప్పడం, మళ్లీ అంటించడం, వైర్లు కట్టడం, చివర్న గిటారు తగిలించి ఒకసారి మీటి చూడడం. మీటేది ఎప్పుడూ ఒక్క జీ మేజర్ పట్టే. వినిపిస్తే చాలు, తీసేస్తుంది. టెస్టింగ్ అంతే కదా.

పద్దెనిమిదేళ్లప్పుడు యమున నరసింగరావు మాస్టారి ట్రూపులో రిథమ్ గిటారు వాయించేది. మేనత్త కొడుకు ఈశ్వర్ అదే ట్రూపులో ఉన్నాడు గనకే నాన్న పంపాడు. మూడేళ్లు తిరిగింది. అతనితో పెళ్లయిన నెలకి పార్వతీపురంలో ప్రోగ్రాం చేసుకొచ్చి భోజనానికి కూర్చుంటే, మేనత్త లక్ష్మణమ్మ అన్నం వడ్డిస్తూ, "కొత్త కోడలు గిటారేసుకుని స్టేజీ మీద ఊగుతుంటే ఊళ్లో నానేటని సెప్పుకోనే?" అంది. ఈశ్వర్ చారు జుర్రుకుంటూ ఉండిపోయాడు. తర్వాత గదిలో, "అమ్మ అలాగే అంటాది. కొన్నాళ్లు ఆగు" అన్నాడు. ఆ కొన్నాళ్లలో కడుపు, పాప, పాప బడి, అత్త మోకాలి ఆపరేషన్, కుట్టుమిషను వచ్చి చేరాయి. ఎవరూ వద్దనలేదు. ఆగమన్నారంతే. ఈలోగా ఈశ్వర్ తన గిటారు రిపేరుకిచ్చినప్పుడు ఆమె గిటారు తీసుకుని, భుజం పట్టీ తన ఎత్తుకి సవరించుకున్నాడు. మళ్లీ ఎవరూ దాన్ని ఆమె ఎత్తుకి సవరించలేదు.

మొన్న వేసవిలో ఆమదాలవలసలో ఎండకి జిగురు కరిగి, పాట మధ్యలో ఒక పెడల్ జారిపోయింది. "మా ఇంటిది అంటించింది లెండి, ఆడోళ్ల పని ఇలాగే ఉంటాది" అని ఈశ్వర్ మైకులో అన్నాడు. జనం నవ్వారు. ఎవరో పెట్టిన వీడియోలో యమున అది చూసింది. రెండు నెలలకి యూట్యూబు చానెల్ వాళ్లొచ్చి బోర్డు చూసి మెచ్చుకుంటే, "అంతా నేనే డిజైన్ చేసుకున్నానండి" అని చెప్పాడు. పక్క గదిలో జాకెట్టుకి హుక్కులు కుడుతున్న యమున చెయ్యి ఆగలేదు. ఆగకపోవడమే ఆ తర్వాత చాలా రోజులు ఆమెను బాధపెట్టింది.

కొత్త పెడల్ అంటించిన ఆ రోజే ఉదయం పదకొండింటికి ఉష వచ్చింది. నౌపడ పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి, తండ్రి ఉప్పు మళ్లల్లో పని చేస్తాడు. ఈశ్వర్ వాయించే ట్రూపులో కొత్తగా చేరింది. గిటారు భుజానికేసుకుని, గుడ్డసంచీలో మూడు పెడల్స్ పట్టుకొచ్చింది.

"మా యమున అంటించేస్తాది, కూకో" అని చెప్పి ఈశ్వర్ స్కూటరెక్కి సౌండు సిస్టం వాళ్ల దగ్గరికి వెళ్లాడు. సిరిమానోత్సవం ప్రోగ్రాంకి ఇంకా వారమే ఉంది.

ఉష చాప మీద చేరి మూడు పెడల్స్ వరసగా పేర్చింది. చూస్తూనే యమున వాటిని అటూ ఇటూ మార్చింది.

"ఈ డిస్టార్షన్ ముందుండాలమ్మా, ఆ డిలే చివర్న. ముందు గొంతు పగలాలి, తర్వాతే అది మారుమోగాలి. మారుమోగినదాన్ని పగలగొడితే అంతా గోలే, పాట తెలీదు."

ఉష తలెత్తి చూసింది. "ఈ మాట నాకెవరూ సెప్పలేదు. మీరు వాయిస్తారేటి వదినా?"

"లేదు" అంది యమున.

ఎంత తొందరగా అనేసిందో! ఎవరో నేర్పిన పాఠం ఒప్పజెప్పినట్టు వచ్చింది ఆ మాట.

"మరి నాకు గిటారు నేర్పిన నరసింగరావు మాస్టారు సెప్పింది మీ గురించి కాదేటి? యమునని ఒకమ్మాయుండేది, అది రిథమ్ పడితే పాటకి నడుం నిలబడేది అంటారు. విశాఖపట్నంలో రికార్డింగు స్టూడియోకి మనిషి కావాలంటే మీకే కబురెట్టేరట. మీకు ఇంట్రెస్టు లేదని సెప్పేరట కదా?"

"ఎవరు సెప్పేరు?"

"ఈశ్వర్ మాస్టారే కదా జవాబు తెచ్చింది..." ఉష చటుక్కున నాలిక కరుచుకుంది.

అది ఏ ఏడాదని అడిగింది యమున. ఉష చెప్పినదాన్ని లెక్క చూస్తే పాపకి మూడేళ్లప్పుడు. ఆమెకి కోపం రావాల్సింది. కానీ ముందు వచ్చింది ఒక ప్రశ్న. ఆ రోజు తనను అడిగి ఉంటే వెళ్లేదా? పాపనెవరు చూస్తారు, అత్తేమంటుంది అనుకుంటూ, కొన్నాళ్లు ఆగుదామని తనే అనేదేమో. వెళ్లేదో లేదో తనకే తెలియదు. తెలుసుకునే దారి కూడా ఇప్పుడు లేదు.

బోర్డు కట్టడం పూర్తయ్యాక ఉష తన గిటారు ఆమె ఒళ్లో పెట్టింది. "మీరే సూడండి వదినా."

జీ మేజర్ మోగింది. అక్కడ తీసేయలేదు యమున. ఒకప్పుడు నిద్రలో లేపినా వాయించే వరస ఎత్తుకుంది. రెండో పట్టు దగ్గర తీగ జీరబోయింది. మూడోది, చూపుడువేలు అన్ని తీగలమీదా అదిమి పట్టాల్సింది, అసలు పలకనే లేదు. మళ్లీ పట్టింది. మళ్లీ అంతే. వేళ్లు అన్నీ మర్చిపోయాయి. చెవి మాత్రం ఏదీ మర్చిపోలేదు. ఎక్కడెక్కడ ఎంతెంత తప్పిందో ఒక్కటీ వదలకుండా చెబుతోంది. ఉష తల వంచుకుని వైర్లు సర్దుతున్నట్టు కూర్చుంది.

గుమ్మంలో ఈశ్వర్ నిలబడి ఉన్నాడు.

"ఏటే, టెస్టింగా?"

యమున గిటారు దించలేదు. "నరసింగరావు మాస్టారు నాకోసం కబురెట్టేరా బావా? విశాఖపట్నానికి?"

అతను ఉష వైపు ఒకసారి చూసి, హెల్మెట్ కుర్చీలో పెట్టాడు. "ఎప్పటి మాటే అది! పాప సిన్నది. నువ్వెలాగూ ఎల్లవని..."

"నన్నడిగేవా?"

"అడిగితే మాత్రం ఏటనేదానివి? ఒద్దనేదానివే కదా."

"అనేదాన్నేమో. ఆ ఒద్దు నాది బావా. అది నువ్వెందుకు సెప్పేవు?"

ఈశ్వర్ మంచినీళ్ల కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్లాడు. లోపల కుండ మీద మూత తీసి పెట్టిన చప్పుడు వినబడింది. మళ్లీ ఇవతలకి రాలేదు.

యమున ఉష దగ్గర మాస్టారి నంబరు తీసుకుని అక్కడే కూర్చుని ఫోన్ చేసింది. పేరు చెప్పింది.

"నువ్వేటమ్మా... బాగున్నావా?" అన్నాడు నరసింగరావు మాస్టారు. ఆయన గొంతు ముసలిదైపోయింది.

"మాస్టారూ, నాకు మళ్లీ నేర్పాలి. మొదట్నించి."

"మొదట్నించి నీకేటమ్మా? నువ్వు..."

"ఏటీ మిగల్లేదు మాస్టారూ. ఇప్పుడే సూసుకున్నాను."

ఆయన నిట్టూర్చాడు. "మొదటి పాఠం బేచి పొద్దున్న ఏడుకి. అందరూ పదేళ్ల పిల్లలే."

పొద్దున్న ఏడంటే ఆ ఇంట్లో పాప కాలేజీకి కేరేజీ, అత్తకి ఇడ్లీ, మాత్రలు, ఈశ్వర్‌కి టీ, అన్నీ ఒక్క మనిషినే పిలిచే వేళ.

"ఏడుకే వస్తాను" అంది యమున.