శనివారం విన్నపం

ఆ చీటీ పోయిన రోజు శుక్రవారం. పోయిందంటే ఎక్కడో జారిపడలేదు. మా బడి ఆనవాయితీ ప్రకారం నేనే, నా చేత్తోనే, చాపెల్ వెనకాల ఇత్తడి పళ్ళెంలో మిగతా చీటీలతో కలిపి కాల్చాను. కాల్చేముందు దాన్ని ఇంకోసారి చదవలేదు.

మాది సిస్టర్లు నడిపే బడి. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు మాత్రమే ఉంటాయి. పిల్లలు మూడువందల ఆరుగురు. చాపెల్‌కి వెళ్ళే వరండాలో గోడకి ఒక చెక్కపెట్టె ఉంది. ఎవరికోసం, దేనికోసం ప్రార్థించాలో పిల్లలు చీటీ మీద రాసి అందులో వేస్తారు. ‘పేరు అడగం’ అని పెట్టె మీదే రంగుతో రాసి ఉంటుంది. బుధవారం పెట్టె తెరుస్తాం. గురువారం ఆ విన్నపాలు ‘మన వారం’ అనే మా రెండు పేజీల పత్రికలో అచ్చయి ప్రతి ఇంటికీ వెళతాయి. శుక్రవారం పొద్దున చాపెల్లో ఒక్కొక్కటే చదువుతాం. ఒక్కోదానికీ బడి మొత్తం “ప్రభువా, మా మొర ఆలకించు” అంటుంది. ఆ తరవాత, ఎవరి రాత ఏదో ఎవరూ ఆరా తీయకుండా చీటీలు కాల్చేస్తాం.

పదకొండేళ్ళు ఆ పత్రిక పని మా ఆవిడ చేసింది. ఆమె ఇదే బడిలో సైన్సు చెప్పేది. నేను భాష చెబుతాను. ఈ ఏడాది బళ్ళు తెరవడానికి ముందు ఆమె పోయింది. ఆ సంగతి ఇంతకన్నా రాయను. మా హెడ్‌మిస్ట్రెస్‌ని అందరం పెద్ద సిస్టర్ అంటాం. పత్రిక ఆపేద్దామా అని ఆవిడ నన్ను అడిగారు. నేను చేస్తానన్నాను. సాయంత్రాలు ఇంటికి ఆలస్యంగా వెళ్ళడానికి నాకొక సాకు కావాలి.

పని ఎలా చెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి ఆమె పాత సంచికలు ముందేసుకుని నేర్చుకున్నాను. పదకొండేళ్ళ విన్నపాల్లో ఒక్కచోట కూడా ఫలానావాడికి కీడు జరగాలని గానీ, ఫలానాది జరగకూడదని గానీ లేదు. అన్నీ మంచి కోరేవే. దాన్నిబట్టి ఆమె పెట్టుకున్న నియమం నాకు అర్థమైందనుకున్నాను. మనం ఎవరికీ వ్యతిరేకంగా ప్రార్థించం. అలాంటి చీటీ వస్తే దిద్ది మంచిమాటగా మారుస్తాం. పరీక్షల్లో తప్పులు దిద్దే చెయ్యి నాది. ఆ పని హాయిగా ఉండేది. ‘లెక్కల పరీక్ష వాయిదా పడాలి’ అని వస్తే ‘పరీక్షలకు సిద్ధమవుతున్న వారి ఏకాగ్రత కోసం’ అని రాసేవాణ్ణి. ‘మా అన్నయ్య నోరు పడిపోవాలి’ అన్నది ‘అన్నదమ్ముల మధ్య శాంతి కోసం’ అయింది. డ్రాయింగు మాస్టారు పత్రిక చూసి, మా పిల్లలు ఇంత మంచివాళ్ళని ఈ కాగితం వల్లే తెలిసిందయ్యా అని నవ్వేవాడు.

ఆ వారం వచ్చిన చీటీల్లో ఒకటి ‘శనివారం ఆయన రాకూడదు’ అని. ఇంటికి చుట్టం వస్తే తన మంచం వదులుకోవాల్సి వస్తుందని ఏ పిల్లో గునుస్తోందనుకున్నాను. ‘శనివారం రానున్న అతిథి క్షేమంగా ఇల్లు చేరాలని’ అని రాశాను. వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. శుక్రవారం నేనే చదివాను. మూడువందల ఆరుగురూ ప్రభువా, మా మొర ఆలకించు అన్నారు. ఆ రోజు గైర్హాజరు ఎవరూ లేరు. హాజరుపట్టీ తరవాత చూశాను.

మళ్ళీ బుధవారం పెట్టె తెరిస్తే పదహారు చీటీలున్నాయి. తొమ్మిదోది గళ్ళకాగితం మీద ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

‘నేను రాకూడదని రాశాను. మీరు రావాలని చదివారు. ఆయన వచ్చారు. ఈ శనివారం మళ్ళీ వస్తారు, నా కోసం. ఈసారి సరిగ్గా చదవండి.’

వరండాలో అప్పుడు ఎవరూ లేరు. ఆడుకునే పిల్లల అరుపులు మైదానంలోంచి వినబడుతున్నాయి. నేను చీటీని చొక్కా జేబులో పెట్టుకున్నాను, మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టుకున్నాను. అరుస్తున్నవాళ్ళలో ఇది రాసిన పిల్ల ఉందో, ఎక్కడైనా ఒక మూల అరవకుండా కూర్చుని ఉందో నాకు తెలియదు. శనివారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి.

పెద్ద సిస్టర్ గదిలో చీటీ ఆవిడ ముందు పెట్టి, మొదటి చీటీలో ఏముందో, నేను ఏం చదివానో చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆవిడకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

“రేపు పొద్దున అసెంబ్లీలో చెప్పండి మాస్టారూ. ఫలానా విన్నపం నేనే మార్చాను, తప్పు నాదే అని చెప్పండి. ఆ పిల్ల దానంతటదే మీ దగ్గరకొస్తుంది.”

నేను వెంటనే ఒప్పుకోలేదు. ఆ ‘ఆయన’ ఎవరో మనకి తెలీదు, అసెంబ్లీలో చెప్పిన మాట సాయంత్రానికి మూడువందల ఇళ్ళకి చేరుతుంది, పిల్లకి ఇంకా ప్రమాదం కావచ్చు అన్నాను. అది అబద్ధం కాదు. కానీ నేను చెప్పకపోవడానికి అసలు కారణం అదీ కాదు. మూడువందల మంది ముందు నిలబడి మా ఆవిడ పని పాడుచేశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నోటుపుస్తకాలు తెప్పించి చేతిరాత పోల్చి చూస్తానన్నాను. పెట్టె మీద మనం రాసిన మాట ఏమవుతుందని ఆవిడ అడిగారు. నేను చీటీ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. చివరికి ఆవిడే, శుక్రవారం మధ్యాహ్నం దాకా చూడండి, దొరక్కపోతే నేనే చెబుతాను అన్నారు.

గురువారం ఆ చీటీల మాట ఎత్తకుండా అన్ని తరగతుల వ్యాకరణం పుస్తకాలూ తెప్పించాను. స్టాఫ్‌రూమ్‌లో బల్లంతా పుస్తకాలు. డ్రాయింగు మాస్టారు టీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. నెలాఖరు కాకుండానే ఇన్ని పుస్తకాలు దిద్దుతున్నావంటే నీకు పిచ్చయినా పట్టి ఉండాలి, ప్రమోషనైనా వచ్చి ఉండాలి అన్నాడు. నేను నవ్వలేదని చూసి తగ్గాడు. అతనికి సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, కానీ చీటీ చూసి రాత గుర్తుపట్టగలడేమోనని చెప్పాను.

అతను చీటీ చూడలేదు. నన్నే చూశాడు.

“దిద్దావా? మీ ఆవిడ ఎప్పుడూ దిద్దేది కాదే. అలాంటివి పక్కన తీసిపెట్టేది. బుధవారం సాయంత్రం ఎవరో ఒక పిల్లనో పిల్లాణ్ణో వెంటేసుకుని మైదానం చుట్టూ తిరుగుతూ ఉండేది, చూళ్ళేదూ? ఆ చీటీల కోసమే తిరిగేదయ్యా. పెట్టెలో పడ్డదల్లా పత్రికలో వేస్తే ఇంకేమన్నా ఉందా.”

నేను చూశాను. ప్రతి బుధవారం చూశాను. ఆమె ఇంటికి ఆలస్యంగా వస్తుందని విసుక్కున్నాను కూడా. పిల్లలకి సైన్సులో సందేహాలు తీరుస్తోందనుకున్నాను. పాత సంచికల్లో అలాంటి విన్నపాలు ఎందుకు లేవో నాకప్పుడు తెలిసింది. ఆమెకి రాత చూస్తే మనిషి తెలిసేది. నాకు తప్పులు మాత్రమే తెలుస్తాయి.

ఆ రోజు చీకటిపడేదాకా రెండువందల పుస్తకాలు చూశాను. శుక్రవారం పొద్దున చాపెల్లో చదవడానికి మిగతా విన్నపాలు పెద్ద సిస్టర్‌కి ఇచ్చి, నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్క విన్నపం చదువుతుంటే పిల్లల వీపులే చూస్తున్నాను. ఎవరైనా ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తారేమోనని. పదిహేను విన్నపాలు అయ్యాయి. ఆవిడ కాగితం మడిచారు. ఎనిమిదో తరగతి వరసల్లో, చివరినుంచి రెండో బెంచీలో, ఒక అమ్మాయి ఇంకా తల ఎత్తే ఉంచింది. అందరూ లేచాక కూడా లేవలేదు. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే లేచింది.

ఎనిమిది బి పుస్తకాలు నేనింకా చూడలేదు. ఆమెది తీసి గళ్ళకాగితం పక్కన పెట్టాను. అదే రాత.

ఆ అమ్మాయి ఈ ఏడాదే చేరింది. ‘కొత్తగా చేరిన వారు’ అన్న శీర్షిక కింద ఆమె పేరు నేనే వేశాను. తల్లి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తండ్రి పేరు దగ్గర దరఖాస్తులో గీత గీసి ఉంది. ఇంతవరకూ ఆ గీత గురించి మేమెవరం అడగలేదు.

పెద్ద సిస్టర్ గదిలో కూర్చోబెట్టాం. నీళ్ళిస్తే తాగింది. ‘ఆయన’ వాళ్ళ నాన్న. ఆయన దగ్గర్నుంచి తల్లి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఊరు మారి వచ్చేసింది. ఎలా తెలిసిందో తెలిసింది, శనివారం వచ్చి మాట్లాడతానని ఫోను చేశాడు. తలుపు తీయొద్దని తల్లి ఇద్దరికీ చెప్పింది. తను స్నానం చేసి వచ్చేలోపు ఎవరు కొట్టినా గడియ ముట్టుకోవద్దంది.

“మరి తలుపెవరు తీశారమ్మా?” అని సిస్టర్ అడిగారు.

“నేనే తీశా సిస్టర్. అందరూ అడిగారు కదా, రావాలని. నేనొక్కదాన్నే వద్దన్నా. అంతమంది అడిగితే దేవుడు ఆయన్ని మంచిగా చేసే పంపించి ఉంటాడనుకున్నా.”

తరవాతది ఆమె గబగబా చెప్పింది. ఆయన అరవలేదు. బల్లమీదున్న పత్రిక తీసి చదివాడు. చెల్లిని ఎత్తుకున్నాడు. దానికి నాలుగేళ్ళు. తల్లి వచ్చేసరికి వీధిలో కారు బయల్దేరింది. ఆ రాత్రి ఫోను చేసి, పోలీసులకి గానీ బడికి గానీ చెబితే చిన్నది కనిపించదని, వచ్చే శనివారానికి పెద్దదాన్ని సిద్ధంగా ఉంచమని అన్నాడు. తల్లి రోజూ పనికి వెళుతోంది. రోజూ ఈమెని బడికి పంపుతోంది. రాత్రిళ్ళు బీరువా జరిపి తలుపుకి అడ్డం పెడుతోంది.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

“నేను సరిగ్గా రాయలేదేమో సార్. మీరు భాష చెప్తారు కదా. నేను తప్పు రాశానా?”

“లేదమ్మా. నువ్వు సరిగ్గానే రాశావు,” అన్నాను.

ఆ తరవాతి వాక్యం నోటిదాకా వచ్చింది. పెద్ద సిస్టర్ నా వైపే చూస్తున్నారు. నేను లేచి కిటికీ దగ్గరకి వెళ్ళాను. సిస్టర్ ఫోను తీసి, తల్లి పనిచేసే ఫ్యాక్టరీ ఎన్నింటికి వదులుతారో కనుక్కున్నారు.

సాయంత్రం ఫ్యాక్టరీ వదిలే వేళకి మేమిద్దరం గేటు దగ్గర నిలబడి తల్లిని కలిశాం. ఆమె మొదట మేమెవరో తెలియదంది. పిల్ల పేరు చెప్పాక గోడకి ఆనుకుంది. ఎవరికీ చెప్పొద్దన్నాడండీ, చిన్నదాన్నేం చేస్తాడో అని ఆ ఒక్క మాటే తిప్పి తిప్పి అంది. సిస్టర్ ఆమె చెయ్యి వదలకుండా పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళారు. వాళ్ళు ఫిర్యాదు రాసుకున్నారు. తండ్రే కదా అని ఒకాయన అన్నాడు గానీ రాసుకున్నారు. ఆ రాత్రి నుంచి తల్లీ కూతురూ బడి వెనక సిస్టర్ల ఇంట్లోనే ఉంటున్నారు.

శనివారం వాళ్ళ ఇల్లున్న వీధిలో ఇద్దరు కానిస్టేబుళ్ళు సాయంత్రం దాకా కూర్చున్నారు. ఎవరూ రాలేదు. సంతోషించాలో భయపడాలో మాకు తెలియలేదు.

సోమవారం పొద్దున మొదటి గంట కొట్టకముందు ఒకాయన బడి గేటు దగ్గరకి వచ్చాడట. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. వాచ్‌మన్‌కి మడతపెట్టిన కాగితం ఇచ్చాడు. పిల్లలందరూ కలిసి నా క్షేమం కోసం ప్రార్థించారు, మీ మాస్టారికి నా కృతజ్ఞతలు చెప్పండి అని నవ్వి వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ ఆయన్ని ఎవరో దాత అనుకున్నాడు. బండి నంబరు చూడలేదు. కాగితం విప్పితే మా ‘మన వారం’. ఆ విన్నపం చుట్టూ పెన్సిలుతో ఒక గీత. దాని కింద ఒక చిన్నపిల్ల చేతి అచ్చు, పాలో ఏదో అంటుకున్న చెయ్యి. చిన్నది బతికే ఉందని మాకు చెప్పడానికి పంపాడో, అది తన చేతిలో ఉందని చెప్పడానికి పంపాడో పోలీసులు కూడా తేల్చలేదు. ఆ కాగితం వాళ్ళే తీసుకున్నారు.

అప్పటినుంచి మూడు వారాలయింది. విన్నపాలు ఇప్పుడు దిద్దడం లేదు. బుధవారం సాయంత్రం మైదానం చుట్టూ నడుస్తున్నాను. నాతో ఇంకా ఎవరూ నడవడం లేదు. పెట్టెలో చీటీలు తగ్గాయి. పోయిన వారం నాలుగే వచ్చాయి, అందులో మూడు లెక్కల పరీక్ష గురించి. ఆ అమ్మాయి నా క్లాసులో ముందు బెంచీలోకి మారింది. రాసిన ప్రతి వాక్యం నాకు చూపించి, ఇది సరిగ్గా ఉందా సార్ అని అడుగుతోంది. పుస్తకంలో ఒకే వాక్యాన్ని రెండుమూడు రకాలుగా రాసి, దేవుడికి ఏది స్పష్టంగా తెలుస్తుందని నిన్న అడిగింది.

చెల్లి ఇంకా దొరకలేదు. ఆ వాక్యం మార్చింది నేనేనని ఆ అమ్మాయికి నేను ఇంకా చెప్పలేదు.